నెబ్రాస్కా హస్కర్స్: ఓడుతున్న జట్టుని వదలకుండా చూడటం ఎలా?

లింకన్_కొత్తబ్యాచ్

అందరికీ నమస్కారం. ఇక్కడ లింకన్‌లో నెబ్రాస్కా యూనివర్సిటీలో మాస్టర్స్‌కి చేరిన మన పిల్లల్లో, యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు హస్కర్స్ ఆటలకి వెళ్లేవాళ్లు పెరుగుతున్నారు. రూల్స్ రెండు మూడు వారాల్లో పట్టుబడతాయి. అంతుపట్టనిది ఒకటే. 2017 నుంచి 2023 దాకా వరుసగా ఏడు సీజన్లు గెలుపులకన్నా ఓటములే ఎక్కువ. అయినా 85 వేల పైచిలుకు సీట్ల మెమోరియల్ స్టేడియం ఎలా నిండుతోంది? స్కోరుబోర్డు చూడబుద్ధి కానప్పుడు ఇంకేం చూడాలి? టికెట్‌కి ఎంత పెట్టడం సబబు? నవంబరు చలిలో నాలుగు గంటలు ఎలా కూర్చోవాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. "గో బిగ్ రెడ్ (జట్టు నినాదం) అనుకుని కూర్చో" లాంటి జవాబులు వద్దండి.

ప్లాట్_ఒడ్డున

ముందు స్టేడియం సంగతి. 1962 నవంబరు 3న మిస్సోరీతో ఆట మొదలు లింకన్‌లో ప్రతి హోమ్ గేమ్‌కీ టికెట్లన్నీ అమ్ముడవుతూ వచ్చాయి. ఆ మొదటి ఆట 16-7తో ఓడిపోయారు. 2020 కోవిడ్ సీజన్‌ని ఈ లెక్కలో కలపలేదు. 2024 సెప్టెంబరులో ఇల్లినాయ్‌తో ఆడింది 400వది, అది కూడా ఓవర్‌టైమ్‌లో 31-24తో చేజారింది.

ఈ రాష్ట్రంలో ఎన్ఎఫ్ఎల్ (ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) జట్టు లేదు. ఒమాహా నుంచి స్కాట్స్‌బ్లఫ్ దాకా ఉన్న అభిమానమంతా ఈ ఒక్క జట్టు మీదే. కోచ్‌గా బాబ్ డెవానీ వచ్చిన 1962 నుంచి 2003 దాకా ఒక్క సీజన్‌లో కూడా గెలుపుల కన్నా ఓటములు ఎక్కువ కాలేదు. 1970, 71, 94, 95, 97 సంవత్సరాల్లో జాతీయ టైటిళ్లు. మూడు తరాలు గెలుపు చూస్తూ పెరిగాయి కాబట్టి 2004లో 5-6 (ఐదు గెలుపులు, ఆరు ఓటములు) వచ్చినప్పుడు అందరికీ కాళ్ల కింద నేల కదిలినట్టయింది. ఇప్పుడు స్టాండ్స్‌లో ఉన్న ఇరవై ఏళ్ల పిల్లలకి ఆ పాత వైభవంతో సంబంధం లేదు. వాళ్లు గెలుపు రుచి చూడకుండానే వస్తున్నారు. నా దృష్టిలో అసలు అభిమానులు వాళ్లే.

ఓరుగల్లు_ఒమాహా

అన్నా, ఆ రికార్డు గురించి పూర్తిగ చెప్పాలె. 2021ల సీజన్ మొదట్లనే టికెట్లు మిగిలినయ్. డోనర్లతోని కొనిపిచ్చి, స్టేడియంకు రాలేని ఇండ్ల పిల్లలకు పంచిన్రు. పిల్లలకు మంచే అయింది, నేను కాదంటలేను. కానీ "అన్నీ అమ్ముడుపోయినయ్" అనే మాట మీద జట్టును నడిపెటోళ్లు ధీమాగ ఉంటే తప్పులు కనబడవు. సీట్లు నిండినయంటే పని మంచిగ నడుస్తున్నట్టు కాదు.

ఇంకోటి. కోచ్ బో పెలీని 2008 నుంచి 2014 దాకా ఏ సంవత్సరం కూడ తొమ్మిదికి తక్కువ గెలవలే. తొమ్మిది చాలదని తీసేసిన్రు. తర్వాత మైక్ రైలీ వచ్చి ప్రో స్టైల్ ఆట పెట్టిండు, పాకెట్‌ల (తన లైన్ వెనక రక్షణల) నిలబడి విసిరే క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకోని ఆట నడిపెటోడు) కావాలన్నడు. మూడేండ్లకు ఆయనను పంపిచ్చి స్కాట్ ఫ్రాస్ట్‌ను తెస్తే, పరుగెత్తే క్వార్టర్‌బ్యాక్ కావాలె, లైన్ల ఉన్నోళ్లు వేగంగ కదలాలె. కోచ్ మారినప్పుడల్ల టీమ్ల సగం మంది కొత్త పద్ధతికి పనికిరాకుంట అయిన్రు. ఏడేండ్ల ఓటమికి వేరు ఇక్కడున్నది. అభిమానికి ఓపిక లేకపోతే ఆ ఒత్తిడి పోయి కోచ్ మెడ మీదనే పడ్తది.

మూడో_డౌన్

ఓరుగల్లు అన్న చెప్పినదాంట్లో సగం ఒప్పుకుంటాను. వేరు అక్కడే ఉండొచ్చు, కానీ ఆటలు పోయింది మాత్రం చాలా చిన్న చోట్ల. ఆ చోట్లు చూడటం నేర్చుకుంటే ఓడే సీజన్ కూడా చూడబుద్ధవుతుంది.

2021నే తీసుకోండి. రికార్డు 3-9. కానీ సీజన్ మొత్తంలో హస్కర్స్ చేసిన పాయింట్లు 335, ఇచ్చినవి 272. అంటే 63 పాయింట్లు ఎక్కువ చేసి కూడా తొమ్మిది ఆటలు ఓడారు. తొమ్మిదీ తొమ్మిది పాయింట్లకి మించని తేడాతోనే. ఒహాయో స్టేట్‌తో 26-17 ఒక్కటి తప్ప మిగతా ఎనిమిదీ ఒక్క టచ్‌డౌన్ (6 పాయింట్లు), దాని వెంట టూ పాయింట్ కన్వర్షన్‌తో సమం చేయగలిగినవే.

ఎక్కడ పోయాయి? ఎక్కువగా స్పెషల్ టీమ్స్‌లో, అంటే బంతిని తన్నే ఆటల్లో. ఇల్లినాయ్‌తో తమ గోల్ లైన్ దగ్గర పంట్‌ని (అవతలివాళ్లు దూరంగా తన్నిన బంతిని) పట్టుకుని సేఫ్టీ (ఎదుటివాళ్లకి రెండు పాయింట్లు) ఇచ్చారు, టచ్‌డౌన్ తర్వాత తన్నే ఎక్స్‌ట్రా పాయింట్లు రెండు కొట్టలేకపోయారు. ఓక్లహోమా మీద ఎక్స్‌ట్రా పాయింట్ బ్లాక్ అయ్యి, వాళ్లు దాన్ని అవతలి చివరిదాకా పరుగెత్తి రెండు పాయింట్లు పట్టుకెళ్లారు. మిషిగన్ స్టేట్ ఆట అయితే కాస్త ఆగి చూడాల్సిందే. సెకండాఫ్ అంతా హస్కర్స్ డిఫెన్స్ వాళ్లని కదలనివ్వలేదు. 20-13 ఆధిక్యం, నాలుగు నిమిషాల లోపే మిగిలింది. పంట్ కుడివైపు కొట్టాలి. కవరేజీ వాళ్లంతా కుడివైపే పరుగెత్తారు. బంతి ఎడమవైపు వెళ్లింది. వాళ్ల రిటర్నర్ (తన్నిన బంతిని పట్టుకుని పరుగెత్తేవాడు) జేడెన్ రీడ్ ముందు మైదానం ఖాళీ, 62 గజాలు, టచ్‌డౌన్. ఓవర్‌టైమ్‌లో 23-20.

అయోవాతో మూడో క్వార్టర్లో 21-6 ఆధిక్యం. నాలుగో క్వార్టర్లో పంట్ బ్లాక్ అయ్యి టచ్‌డౌన్ పోయింది, ఆ తర్వాత సేఫ్టీ, చివరికి 28-21.

పంట్ ఎందుకు బ్లాక్ అవుతుందో తెలిస్తే మీరు స్టాండ్స్‌లోంచే ముందుగా పసిగట్టొచ్చు. స్నాప్ బంతి (స్నాపర్ వెనక్కి విసిరేది) పంటర్ చేతికి చేరడానికి 0.75 నుంచి 0.8 సెకన్లు, చేతికొచ్చాక కాలితో తన్నడానికి 1.2 నుంచి 1.3. మొత్తం 2.0, 2.1 దగ్గర ఉంటే భయం లేదు. 2.2 దాటితే ఎవరో ఒకరు చేరుకుంటారు. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని స్నాపర్ చేతులు కదిలిన క్షణాన నొక్కి, కాలు తగిలినప్పుడు ఆపండి. వార్మప్‌లో నాలుగైదు సార్లు చూస్తే పంటర్ సగటు తెలిసిపోతుంది. బంతి గాల్లో ఉండే సమయం కూడా చూడండి. 4.3 సెకన్లకి తగ్గితే, గజాలు ఎన్ని వచ్చినా, గన్నర్లు (పంట్ వెంట ముందుగా పరుగెత్తేవాళ్లు) కిందికి చేరేలోపు రిటర్నర్‌కి చోటు దొరుకుతుంది.

బెజవాడ_హస్కర్

మూడో_డౌన్ గారూ, అద్భుతంగా చెప్పారండి. మాబోటి వాళ్లం ఇండియా నుంచి చూస్తాం, మాకు స్టాండ్స్ లేవు. టీవీలో ఏం లెక్క రాసుకోవచ్చు? అలాగే కిక్కాఫ్ వేళలు మన టైంలో చెప్పి పుణ్యం కట్టుకోండి.

మూడో_డౌన్

టైం సంగతి వేరేవాళ్లు చెప్తారు. లెక్కల గురించి నేను చెప్తానండి.

టీవీ వాళ్లు చూపించే మొత్తం గజాలు పక్కన పెట్టండి. ఆట ముగిసిపోయాక వచ్చే గజాలు కూడా అందులో కలిసిపోతాయి. ప్రతి ప్లే తర్వాత ఒక్క టిక్కు పెట్టండి, అది సఫలమా విఫలమా అని. డౌన్ అంటే పది గజాలు సాధించడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో ఒకటి. మొదటి డౌన్‌లో కావాల్సిన గజాల్లో సగం వస్తే సఫలం. రెండో డౌన్‌లో 70 శాతం. మూడు, నాలుగు డౌన్లలో మొత్తం రావాల్సిందే. 1వ డౌన్‌కి 10 ఉంటే 5 గజాలు చాలు. 2వ డౌన్‌కి 8 ఉంటే 6 కావాలి. మొత్తం ప్లేల్లో సఫలమైనవి నలభై శాతం పైన ఉంటే ఆఫెన్స్ పని చేస్తున్నట్టే, యాభైకి చేరువైతే అవతలివాళ్లకి ఊపిరాడదు. ఓడిన ఆటలో కూడా ఈ శాతం ఎదుటి జట్టు కన్నా ఎక్కువ ఉంటే, ఆ ఓటమికి కారణం టర్నోవర్లలోనో (బంతి అవతలివాళ్లకి పోవడం) స్పెషల్ టీమ్స్‌లోనో వెతకాలి.

టర్నోవర్లలో ఒక మెలిక ఉంది. ఫంబుల్, అంటే చేతిలోంచి బంతి జారడం, ఆటగాడి తప్పు. కింద పడ్డ బంతి ఎవరికి దొరుకుతుందనేది చాలావరకు అదృష్టం, దీర్ఘకాలంలో ఇద్దరికీ సగం సగం. అందుకని జారిన ఫంబుల్స్ అన్నీ రాయండి, పోయినవి మాత్రమే కాదు. ఇంటర్‌సెప్షన్ (మనవాడు విసిరిన బంతిని ఎదుటివాళ్లు పట్టడం) పక్కన కారణం రాయండి: విసిరేటప్పుడు చేతికి దెబ్బ తగిలిందా, రిసీవర్ చేతుల్లోంచి ఎగిరిందా, లేక డిఫెండర్‌ని చూడకుండానే విసిరాడా. మొదటి రెండూ కాలంతో సర్దుకుంటాయి. మూడోది క్వార్టర్‌బ్యాక్ మారితేనో, ముదిరితేనో తప్ప పోదు.

2023లో ఇదే జరిగింది. కోచ్ మ్యాట్ రూల్‌కి అది మొదటి సంవత్సరం, ఒక దశలో 5-3. బౌల్ గేమ్‌కి (సీజన్ ముగిశాక ఆడే ప్రత్యేక ఆటకి) అర్హత రావాలంటే ఆరు గెలుపులు. మిగిలిన నాలుగులో ఒక్కటి చాలు. మిషిగన్ స్టేట్ 20-17, మేరీల్యాండ్ 13-10, విస్కాన్సిన్ 24-17 ఓవర్‌టైమ్, అయోవా 13-10. నాలుగూ పోయాయి. డిఫెన్స్ ప్రతి ఆటలోనూ గెలవదగ్గ స్కోరుకే కట్టేసింది. బంతి మాత్రం చేతిలో నిలవలేదు. ఆ ఏడు లెక్కలు రాసుకున్నవాళ్లకి 2024 మీద ఆశ పెట్టుకోవడానికి కారణం ఉంది, స్కోరు మాత్రమే చూసినవాళ్లకి లేదు.

రుంజా_రమణి

లింకన్_కొత్తబ్యాచ్ తమ్ముడూ, టికెట్లూ చలీ నేను చెప్తాను.

మొదటి ఏడాదే సీజన్ టికెట్ జోలికి పోకండి. స్టూడెంట్ అయితే స్టూడెంట్ సెక్షన్ ప్యాకేజీ ఒకటి చాలు. ఉద్యోగస్తులైతే విడిగా ఆటకొకటి కొనడమే లాభం. సీజన్ టికెట్ ముఖవిలువతో పాటు మంచి సెక్షన్లకి ఏటా విరాళం కూడా కట్టాలి, ఆ మొత్తం కలిపి ఆటల సంఖ్యతో భాగించాక అప్పుడు రీసేల్ ధరతో పోల్చి చూడండి. ఓడే సీజన్లో అక్టోబరు దాటాక రీసేల్ ధర ముఖవిలువ కిందికి దిగడం మామూలే. మరీ దిగేది ఎప్పుడంటే: ఉదయం 11 గంటల కిక్కాఫ్, పేరులేని ప్రత్యర్థి, వాన సూచన. థాంక్స్‌గివింగ్ మర్నాడు శుక్రవారం అయోవా ఆట లింకన్‌లో ఉంటే స్టూడెంట్లు ఊళ్లకి వెళ్లిపోతారు, కానీ అయోవా వాళ్లు దిగుతారు కాబట్టి ధర అనుకున్నంత పడదు.

కిక్కాఫ్ టైం చాలా ఆటలకి 12 రోజుల ముందే తెలుస్తుంది, కొన్నిటికి టీవీ వాళ్లు 6 రోజుల ముందుగానీ చెప్పరు. బస్సో విమానమో బుక్ చేసేవాళ్లు శనివారం రాత్రి తిరుగు ప్రయాణం పెట్టుకోవద్దు. 2025 మే నుంచి అమెరికాలో టికెట్ సైట్లు ఫీజులన్నీ కలిపిన ధరే మొదట చూపించాలి, కాబట్టి పోలిక తేలిక. టికెట్ స్క్రీన్‌షాట్ పంపుతానంటే ఒప్పుకోకండి. బార్‌కోడ్ మారుతూ ఉండే టికెట్లకి స్క్రీన్‌షాట్ పనికిరాదు, ట్రాన్స్‌ఫర్ చేయించుకోండి. ఇంట్లో ఉండగానే ఫోన్ వాలెట్‌లోకి ఎక్కించుకోండి. గేటు దగ్గర వేలమంది ఒకేసారి ఫోన్లు తెరిస్తే నెట్ రాదు.

బ్యాగ్ పారదర్శకంగా ఉండాలి, 12 × 6 × 12 అంగుళాలు మించకూడదు.

చలి విషయానికొస్తే, అందరూ కోటు గురించే ఆలోచిస్తారు. ఒంట్లో వేడి పోయేది కింద నుంచి. కూర్చునేది లోహపు బెంచీ, కాళ్ల కింద కాంక్రీటు. ఫోమ్ కుషన్ తప్పనిసరి, అంగుళం మందం ఉంటే చాలు. అట్టపెట్టె ముక్క ఒకటి బూట్ల కింద వేసుకోండి, తేడా మొదటి క్వార్టర్లోనే తెలుస్తుంది. సాక్స్ రెండు జతలు వేసి బూటు బిగిస్తే రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి. ఉన్ని సాక్స్ ఒకటే జత, బూటు కాస్త వదులుగా. ఒంటికి ఆనేది కాటన్ వద్దు, చెమట పీల్చుకుని ఆరదు. చేతి వార్మర్లు గాలి తగిలితేనే వేడెక్కుతాయి, గేటుకి అరగంట ముందు ప్యాకెట్ చింపి జేబులో వేసుకోండి.

తినడానికి టైల్‌గేట్‌లో (ఆటకి ముందు పార్కింగ్‌లో పెట్టుకునే విందులో) మనవాళ్లకి పులిహోర కన్నా మంచిది లేదు. పొద్దున్నే చింతపండుతో కలిపితే మధ్యాహ్నం దాకా నిక్షేపంగా ఉంటుంది, వేడి చేయక్కర్లేదు. గ్రిల్ పెట్టేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. సున్నా డిగ్రీల దగ్గర చిన్న ఒక పౌండు ప్రొపేన్ డబ్బాలో ఒత్తిడి బాగా తగ్గిపోతుంది, మంట సన్నగిల్లుతుంది. అది గ్యాస్ అయిపోవడం కాదు. డబ్బాని మంట దగ్గర పెట్టి వేడి చేయొద్దు, ప్రమాదం. రెండు డబ్బాలు తెచ్చుకుని మార్చి మార్చి వాడండి. స్టేడియం లోపల రుంజా అనే కూరిన బన్ను దొరుకుతుంది, గొడ్డుమాంసం, క్యాబేజీ ఉంటాయి, తినని వాళ్లు అడిగి కొనండి.

మన్‌హాటన్_కాన్సస్

పక్క రాష్ట్రం నుంచి ఒక మాట. ఓటమి అంటే ఏమిటో కాన్సస్ స్టేట్ వాళ్లని అడగాలి. 1987లో 0-10-1 (చివరిది డ్రా), 1988లో 0-11. రెండు సీజన్లు కలిపి ఒక్క గెలుపు లేదు. 1989లో అయోవాలో ఆఫెన్స్ కోఆర్డినేటర్‌గా ఉన్న బిల్ స్నైడర్ వచ్చాడు. ఆయన మొదటి ఏడు 1-10. ఆ ఒక్కటి నార్త్ టెక్సాస్ మీద, 20-17. తర్వాత 5-6, 7-4. 1993లో తొమ్మిది గెలుపులు, 1998 రెగ్యులర్ సీజన్ 11-0.

ఎలా సాధ్యమైందో చూస్తే మీకు పనికొస్తుంది. జూనియర్ కాలేజీల నుంచి రెండేళ్ల అనుభవం ఉన్న ఆటగాళ్లని తెచ్చాడు, హైస్కూల్ పిల్లలు ముదిరేదాకా ఆగలేదు. కాన్ఫరెన్స్ (తమ జట్ల కూటమి) బయటి ఆటలు గెలవగలిగిన జట్లతో పెట్టుకున్నాడు. దాన్ని అప్పట్లో చాలామంది తప్పుపట్టారు. నేను పట్టను. గెలుపు ఎలా ఉంటుందో తెలియని ఆటగాళ్లకి సెప్టెంబరులో మూడు గెలుపులు చూపించడం కూడా శిక్షణే. మొదటి ఏడు 1-10 చూసి ఆయన్ని పంపేసి ఉంటే ఆ కార్యక్రమమే మూతపడేదేమో. కొత్త కోచ్‌ని మొదటి ఏడు గెలుపులతో కొలవొద్దు. పెనాల్టీలు తగ్గాయా, నాలుగో క్వార్టర్లో కాళ్లు ఆడుతున్నాయా, రెండో ఏడు ఆటగాళ్లు మొదటి ఏడు కన్నా బాగుపడ్డారా అని చూడండి.

ఓరుగల్లు_ఒమాహా

స్నైడర్ కాలం వేరు అన్నా. అప్పుడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (ఆటగాళ్లు యూనివర్సిటీ మారెటందుకు పేరిచ్చే జాబితా) లేదు. ఇప్పుడు బాగ ఆడిన పోరడు సీజన్ అయిపోంగనే ఇంకో యూనివర్సిటీ పైసలు చూసి పోతున్నడు. ఎవర్ని నమ్ముకోని చూడాలె? చొక్కా మీద పేరు మారంగనే అభిమానం కూడ మార్చుకోవాల్నా?

ప్లాట్_ఒడ్డున

ఆ బాధ నిజమే తమ్ముడూ. పేరు వెనకాల పడకుండా నంబర్ల వెనక, అంటే పొజిషన్ల వెనక పడటం ఇప్పుడు అవసరం. 2025 జులై నుంచి యూనివర్సిటీలే ఆటగాళ్లకి నేరుగా డబ్బు ఇవ్వొచ్చు, మొదటి ఏడు అన్ని క్రీడలకీ కలిపి పరిమితి 2.05 కోట్ల డాలర్లు. ఫుట్‌బాల్ జట్టుకి 105 మంది పరిమితి. పోర్టల్ కూడా 2026 నుంచి జనవరి 2 నుంచి 16 దాకా ఒక్కసారే తెరుచుకుంటుంది.

కాబట్టి డిసెంబరు సైనింగ్ రోజున కొత్త ఆటగాళ్ల రేటింగ్ నక్షత్రాలు లెక్కపెట్టడం ఆపి, జనవరి 16 దాటాక ఒక కాగితం తీసుకోండి. ఆఫెన్స్ లైన్ ఐదు స్థానాలు, డిఫెన్స్ ఫ్రంట్ స్థానాలు రాసి, ఒక్కో స్థానంలో మన దగ్గరే రెండేళ్లకి మించి ఉన్నవాళ్లు ఎంతమందో గుర్తు పెట్టండి. లైన్‌లో ముగ్గురైనా అలా ఉంటే వచ్చే సీజన్ మీద నమ్మకం పెట్టొచ్చు. రిసీవర్లు కొత్తవాళ్లైనా ఇబ్బంది లేదు, లైన్ మాత్రం కలిసి ఆడితేనే కుదురుతుంది. నాలుగు ఆటలకి మించకుండా ఆడినవాడికి రెడ్‌షర్ట్ అనే నియమం కింద ఆ ఏడు అర్హత పోదు. ఓడే సీజన్ నవంబరులో కుర్రాళ్లని ఎందుకు దింపుతారో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఆ ఆటలు వదలొద్దు. వచ్చే ఏటి జట్టు అక్కడ కనిపిస్తుంది.

ఓరుగల్లు_ఒమాహా

లైన్ ముచ్చట మంచిగుంది అన్నా, ఒప్పుకుంట. కానీ టికెట్ విషయంల నా మాట మార్చుకోను. ఫ్రాస్ట్‌ను 2022 సెప్టెంబర్ 11న తీసేసిన్రు, ముందురోజు జార్జియా సదర్న్ చేతిల 45-42 ఓడినంక. అక్టోబర్ 1 దాకా ఆగితే ఇయ్యాల్సిన 1.5 కోట్ల డాలర్లు సగం అయ్యేటియి. ఆగలేకపోయిన్రు. ఆ ఒత్తిడి స్టాండ్స్ నుంచే వచ్చింది. అభిమాని సీట్ల కూసోని అరవాలె, ఆట నచ్చకపోతే ఆ ఏడు విరాళం ఆపాలె. రెండూ జట్టు మీద ప్రేమనే.

రుంజా_రమణి

విరాళం ఆపితే ఏళ్ల తరబడి పోగైన సీనియారిటీ పాయింట్లు, సీటు స్థానం పోవచ్చు, అది చూసుకుని ఆపండి. సీటు వదులుకోలేనివాళ్లు రెండు కుటుంబాలు కలిసి ఒక జత టికెట్లు పంచుకోండి. పేరు ఒకరిది, ఆటలు చెరిసగం. ఏ ఆట ఎవరిదో ఆగస్టులోనే రాసుకోండి. అయోవా, విస్కాన్సిన్ లాంటివి ఏడాది మార్చి ఏడాది తీసుకుంటే గొడవ రాదు.

లింకన్_కొత్తబ్యాచ్

అక్కా, అన్నలూ, చాలా థాంక్స్. ఒకటే అనుమానం. 2024 సీజన్ గురించి ఎవరూ చెప్పలేదు. అది మలుపా కాదా?

మూడో_డౌన్

5-1తో మొదలై నాలుగు వరుసగా ఓడారు: ఇండియానా 56-7, ఒహాయో స్టేట్ 21-17, యూసీఎల్ఏ 27-20, యూఎస్‌సీ 28-20. మళ్లీ 2023 వచ్చిందనుకున్నారు అందరూ. నవంబరు 23న లింకన్‌లో విస్కాన్సిన్ మీద 44-25. 2012 తర్వాత వాళ్ల మీద మొదటి గెలుపు, 2016 తర్వాత మొదటి బౌల్ అర్హత. అయోవాతో చివరి క్షణపు ఫీల్డ్ గోల్‌తో (బంతిని గోల్ స్తంభాల మధ్య తన్ని చేసే 3 పాయింట్లు) మళ్లీ 13-10 ఓటమి. బౌల్ గేమ్ న్యూయార్క్ యాంకీ స్టేడియంలో, బోస్టన్ కాలేజీ మీద 20-15. మొత్తం 7-6.

7-6ని మలుపు అనను. ఇండియానా 56-7 ఒక్కటే నిజంగా చేతకాని ఓటమి. మిగతా ఐదు ఓటములూ ఎనిమిది పాయింట్లకి మించని తేడాతోనే. దగ్గరి ఆటలు పోగొట్టుకునే జబ్బు ఇంకా తగ్గలేదనే దానికర్థం. అందుకే పంట్ టైము, ఫంబుల్ లెక్క రాస్తూ ఉండమంటున్నాను.

బెజవాడ_హస్కర్

టైం ఎవరూ చెప్పలేదు కాబట్టి లెక్క కట్టి నేనే పెడుతున్నాను. లింకన్‌లో శనివారం ఉదయం 11 అంటే మనకి శనివారం రాత్రి 9:30. మధ్యాహ్నం 2:30 అంటే అర్ధరాత్రి దాటి 1:00. సాయంత్రం 6:30 అంటే ఆదివారం తెల్లవారుజామున 5:00. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారం వెనక్కి తిప్పుతారు కాబట్టి ఆ తర్వాతి ఆటలకి అన్నిటికీ ఒక గంట కలపండి. వీడియో దొరకని రోజు జట్టు అధికారిక యాప్‌లో రేడియో వ్యాఖ్యానం పెట్టుకుంటే డౌన్, గజాలు ప్రతి ప్లేకీ చెప్తారు. మూడో_డౌన్ గారి టిక్కుల లెక్క దాంతో కూడా రాసుకోవచ్చు.